అనుమతి లేని స్వస్థత

చదివేవారికి ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఎక్కడైనా ఒత్తులు జారిపోయి ఉంటే మీరే ఎత్తి పెట్టుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. మధ్యలో ఎసరు చూసుకోవాలి, పప్పు కలియబెట్టాలి. కథ ఎక్కడైనా తెగినట్టుంటే అక్కడ అన్నం పొంగిందని అనుకోండి. నెమ్మదిగా రాయడంలో ఒక సుఖం మాత్రం ఉంది. లేనిది కల్పించి రాయాలంటే ఉన్నదానికి రెండింతలు రాయాలి. అంత ఓపిక నాకు లేదు.

నేను కొత్తరేవు తుఫాను షెల్టరులో వంటమనిషిని. తుఫాను వచ్చినప్పుడు ఊరంతా తలదాచుకోవడానికి కట్టిన రెండంతస్తుల మేడ అది. రెండేళ్ళ కిందట, తుఫాను లేని ఒక ఉదయం, దారి తప్పిన పడవ ఒకటి మా రేవులో ఇసుక మీదికెక్కింది. అందులో నలభై ముగ్గురు ఉన్నారు. మా తాతల కాలంలో కూలికి వెళ్ళి "రంగం" అని చెప్పుకున్న దేశం వైపు నుంచి, ఇళ్ళు కాలిపోయి, ప్రాణాలు దక్కించుకుని బయల్దేరినవాళ్ళు. వారి అర్జీలు తేలేవరకు షెల్టరులో ఉంచమని ప్రభుత్వం చెప్పింది. గుమ్మం మీద బోర్డు కట్టారు: "శరణార్థుల తాత్కాలిక వసతి మరియు ఆరోగ్య పర్యవేక్షణ కేంద్రము". ఆ బోర్డు నేను చదవగలగడానికి తొమ్మిది నెలలు పట్టింది.

పడవ వచ్చిన రోజు అందరి వివరాలు రాయడానికి మండలాఫీసు గుమాస్తా లింగరాజు వచ్చాడు. మా పక్కూరివాడే. ఎండ మాడ్చేస్తోంది. రిజిస్టరు కాగితాలు గాలికి లేచిపోతున్నాయి. "బేగి పంపండి, బేగి పంపండి" అని పైనుంచి ఫోను మీద ఫోను. నేను పెద్ద గుండిగలో బియ్యం పోశాను. గంజి వార్చేలోపల లింగరాజు నలభై ముగ్గురి పేర్లు, వయసులు, ఎత్తులు, పళ్ళు, చూపు, దగ్గు, జ్వరం సమస్తం రాసేసి కలానికి మూత పెట్టేశాడు.

"పిన్నీ, సాచ్చి కావాలంట. ఇక్కడొక ఏలుముద్దర యెయ్యి" అన్నాడు.

గంజి చేత్తోనే వేశాను. ఎంత చురుకైన చెయ్యి ఈ కుర్రాడిది అనుకున్నాను. సాయంత్రానికి ఆ రిజిస్టరును గుడ్డలో చుట్టి, లక్క సీలు కొట్టి, ఇనప బీరువాలో పెట్టారు. దాని పేరు మూల పత్రం.

వచ్చినవారిలో సాన్ అనే ముసలామె ఉంది. ఆమె తల్లి మా వైపు నుంచే రంగం వెళ్ళిన కూలి. అందుకని ఆమెకు మా మాట వచ్చు. మా మామ్మలు మాట్లాడిన పాత మాట. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది కనక నేను "అప్పా" అన్నాను, ఆమె నన్ను "సెల్లీ" అంది. రెండు కళ్ళలోనూ తెల్లగా శుక్లాలు. ఆరేళ్ళ మనవరాలు మ్యా భుజం మీద చెయ్యి వేసి నడుస్తుంది. ఆ పిల్ల తల్లీ తండ్రీ ఏమయ్యారో వీళ్ళకి తెలియదు.

మధ్యాహ్నం వంట గిన్నెలు కడిగాక మేమిద్దరం అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. తన గవ్వలు తాను తడిమి చూసుకునేది. నా గవ్వలు తడమబోతే తిరగబడిపోతాయని నేనే చెప్పేదాన్ని. నాకు అష్టాలు బాగా పడేవి.

"అన్నీ నీకే పడతాయేటే?" అనేది అప్ప.

"సెయ్యి మంచిదప్పా" అనేదాన్ని.

*

నెల తిరిగేసరికి పర్యవేక్షణాధికారి పుల్లేటి నరహరిరావుగారు వచ్చారు. మంచి మనిషి. కూర్చోబోయే ముందు కుర్చీ మీద చేతిరుమాలు పరుచుకుంటారు, లేచేటప్పుడు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటారు. అందరినీ వరసగా నిలబెట్టి ఉత్తర్వు చదివారు.

"శరణార్థుల ఆరోగ్యమును, వారి అర్జీలు పరిష్కారమగు వరకు, వారు వచ్చిన నాటి స్థితిలో కాపాడవలెను."

మా నర్సు ఏస్తేరు సంతోషించింది. "అంటే ఉన్నదానికంటే పాడవకుండా చూసుకోమని కదండీ? చాలా మంచిది సార్."

నరహరిరావుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "పాడవరాదని ఎక్కడ ఉన్నదమ్మా? వచ్చిన నాటి స్థితిలో అని ఉన్నది. స్థితి పాడు కారాదు, బాగు కారాదు. ఏ ఒక్కటి జరిగినను అది వ్యత్యాసము. వ్యత్యాసమునకు సంజాయిషీ కలదు."

వచ్చిన నాటి స్థితి ఏమిటో తెలియాలంటే మూల పత్రం తెరవాలి కదా అని ఏస్తేరు అడిగింది. అది అంత ముఖ్యమైనది కనకనే తెరవకూడదని ఆయన చెప్పారు. ఏస్తేరు ఆ వారం కొలిచి రాసిన మొదటి పట్టికనే వచ్చిన నాటి స్థితిగా తాత్కాలికంగా భావించడమైనదన్నారు.

ఆ రోజు నుంచి రోజుకు మూడుసార్లు గంట కొట్టేవారు. గంట కొట్టగానే అందరూ వరండాలో నిలబడాలి. ఏస్తేరు బరువు, ఎత్తు, నాడి, జ్వరం చూసి ఇరవై ఆరు గళ్ళు నింపేది. మందులిచ్చేందుకు ఆమెకు టైము ఉండేది కాదు. ఇవ్వడానికి మందులూ ఉండేవి కావు. మందుల అలమరలో పట్టికలు పెట్టారు.

మొదటి నేరం నాది. పడవలో మొదట దిగిన మిన్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాడు. నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు.

"మిన్ అను యువకుడు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు అధికమైనాడు. కారణము?"

"కారణం ఏటుంది బాబూ, అన్నం తిన్నాడు."

"ఎవరు పెట్టినారు?"

"నానే పెట్టినాను."

"ఎవరి ఉత్తర్వుపై?"

"ఆడి ఆకలి మీద బాబూ."

నరహరిరావుగారు ఆకలి అని రాసుకోబోయి, అది ఏ శాఖ కిందికి వస్తుందో తోచక, కలం పైకెత్తి ఉంచారు. చివరికి మిన్ రోజూ షెల్టరు చుట్టూ నలభై ప్రదక్షిణాలు చేసి నాలుగు కిలోలూ ప్రభుత్వానికి వాపసు చేశాడు.

తర్వాత మ్యా ఒక అంగుళం పావు ఎదిగింది. ఆరేళ్ళ పిల్ల సొంతంగా సంజాయిషీ ఇవ్వడానికి వీల్లేదు కనక సాన్ అప్పను పిలిచారు.

"ఎందుకెదిగినావని గుంటని అడిగితే అది మాత్తరం ఏటి సెప్తాది బాబూ?" అంది అప్ప. "ఇంకెప్పుడూ ఎదగనని రాసీమంటారేటి?"

"అంత కఠినముగా అవసరము లేదు" అన్నారాయన మెత్తగా. ఆయనకూ మనవలున్నారు. "ఇకమీదట ముందస్తు అనుమతి పొంది ఎదిగిన చాలును."

అప్ప బయటికి వచ్చి మ్యా తలను తడిమింది. నెత్తి నుంచి నుదుటికి, నుదుటి నుంచి ముక్కుకి, గడ్డానికి. "అంగుళం పావు అంటే ఎంతే సెల్లీ?" అని నన్నడిగింది. నా బొటనవేలు ఆమె వేళ్ళ మధ్య పెట్టి, ఆ గణుపు దాకా అన్నాను. ఆ గణుపును చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ తాన్ తాత దగ్గుతో వచ్చింది. పడవలోంచి దిగినప్పుడే ఆయనకు దగ్గు. నేను మూడు రోజులు శొంఠీ మిరియాల కషాయం పోశాను. నాలుగో రోజుకి దగ్గు పోయింది. ఐదో రోజుకి నాకూ ఏస్తేరుకీ చెరొక మెమో వచ్చింది. విషయం: అనుమతి లేని స్వస్థత.

"సార్, దగ్గు తగ్గింది. అది మంచిదే కదా?" అంది ఏస్తేరు.

"తగ్గినది మంచిదే. అనుమతి లేకుండా తగ్గినది. తగ్గుటకు అనుమతి కోరుతూ పైకి రాసినాను. అది వచ్చు వరకు దగ్గు యథాతథముగా కొనసాగవలెను."

తాన్ తాత మర్యాదస్తుడు. గంట కొట్టగానే వరండాలోకి వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మూడుసార్లు దగ్గి వెళ్ళి పడుకునేవాడు. ఎప్పుడైనా మరిచిపోతే మ్యా వెళ్ళి భుజం తట్టేది. అనుమతి ఇంకా రాలేదు. పోయిన పండక్కి షెల్టరులో తీసిన ఫోటోలో కూడా తాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు, అలవాటయిపోయి.

ఇదిలా ఉండగానే నేను చదువు మొదలెట్టాను. పట్టికలు నింపీ నింపీ విసుగెత్తిన ఏస్తేరు, సాయంత్రం వంటింట్లో కూర్చుని బొగ్గుతో గోడ మీద అక్షరాలు రాసేది. "ఈ గళ్ళలో పడి నా చదువు నేను మర్చిపోయేలా ఉన్నాను పెద్దమ్మా, నువ్వైనా నేర్చుకో" అనేది. నా భర్త సముద్రంలో పోయినప్పుడు ఎన్ని కాగితాల మీద వేలు పెట్టానో నాకు గుర్తులేదు. వాటిలో ఏముందో ఈనాటికీ తెలియదు. అందుకని పట్టుదలగా నేర్చుకున్నాను. అక్షరం తరవాత అక్షరం, ఏదీ వదలకుండా, వేలు పెట్టి చదవడం అలవాటయింది. వేలు పెట్టడం పాత అలవాటే కదా.

*

ఈ ఏడు మాఘమాసంలో కంటి బస్సు వస్తోందని కబురొచ్చింది. ఏడాదికోసారి వస్తుంది. జంక్షను హైస్కూలు ఆవరణలో గురు, శుక్ర, శనివారాలు ఉండి, శనివారం సాయంత్రం నాలుగింటికి, ఆపరేషను కావలసినవాళ్ళను ఎక్కించుకుని పట్నం ఆస్పత్రికి వెళ్ళిపోతుంది. దారి ఖర్చు కూడా ఉండదు. నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చి దింపుతారు.

గురువారం పొద్దున్నే ఏస్తేరు ఆ బస్సు డాక్టరమ్మను బతిమాలి షెల్టరుకు తీసుకొచ్చింది. ఆవిడ అప్ప కళ్ళలో లైటు వేసి చూసింది. వరండాలోకి వచ్చాక చెప్పింది.

"బాగా ముదిరిపోయాయి. ఈసారి తియ్యకపోతే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. వచ్చే ఏడు తీసినా చూపు రాదు. శనివారం బస్సు ఎక్కించండి."

గుమ్మంలో నిలబడ్డ అప్ప విననే వింది. చెవులు చురుకు. ఆ మధ్యాహ్నం గవ్వలాట దగ్గర ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడింది.

"సూపొస్తే ముందు దీని మొకం సూత్తాను" అంది, మ్యా జడ పట్టుకుని. "సేతుల్లో సూసిందీ, కళ్ళతో సూసిందీ ఒకలాగుంటాదో నేదో. అప్పుడు నీ గవ్వలు సూత్తాను."

"నా గవ్వల్లో ఏటున్నాది అప్పా సూడ్డానికి?"

"ఏటీ నేదు. ఊరికినే."

నాకు ఆ పూట అష్టా పడలేదు.

ఏస్తేరు, నేను కలిసి ఆఫీసు గదిలోకి వెళ్ళాం. నరహరిరావుగారు డాక్టరమ్మ చీటీ రెండుసార్లు చదివారు. ఆయన మొహంలో జాలి ఉంది. నేను చూశాను. ప్రతి శుక్రవారం అప్పకు రెండు అరటిపళ్ళు తెచ్చి, బరువులో తేడా రాకుండా ఒకటే ఇచ్చే మనిషి ఆయన.

"ఈమె వచ్చిన నాడు చూపు లేనిది. మొదటి పట్టికలో ఉన్నది. చూపు లేని మనిషిని ప్రభుత్వము నాకు అప్పగించినది. రేపు అర్జీ తేలిన నాడు చూపున్న మనిషిని నేను తిరిగి అప్పగించినచో, ఆ చూపు లేని మనిషి ఏమైనదని అడుగుదురు. నేనేమి చెప్పవలెను?"

"బాగయిందని చెప్పండి సార్" అంది ఏస్తేరు.

"బాగగుటకు గడి లేదమ్మా."

ఆయన ఊరుకోలేదు. ఇరవై శాతం వరకు వ్యత్యాసాన్ని తన స్థాయిలో మన్నించవచ్చట. ఒక కన్నుకి చేస్తే యాభై శాతం అవుతుంది, కుదరదు. ఇరవై శాతం మాత్రమే చూపు వచ్చేలా ఆపరేషను చెయ్యగలరా అని డాక్టరమ్మకు ఉత్తరం రాసి పంపారు. శుక్రవారం పొద్దున ఆ కాగితం వెనక్కే జవాబొచ్చింది. "ఇది కుళాయి కాదు" అని ఉంది. అది నేనే చదివి వినిపించాను. పెద్దగా ఒత్తులు లేవు.

"అయితే ఒకే మార్గము" అన్నారు నరహరిరావుగారు. "శనివారం వ్యత్యాసముల సంఘము రాజధాని నుండి తనిఖీకి వచ్చుచున్నది. వారి ముందు పెట్టెదను."

"వారు ఎన్నింటికొస్తారు సార్?"

"మధ్యాహ్నము."

"బస్సు నాలుగింటికి పోతుంది సార్."

"సంఘమునకు బస్సుతో సంబంధము లేదు" అన్నారాయన. అని, చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. అది కుర్చీ రుమాలు. ఆయన అలా చెయ్యగా నేను మునుపెన్నడూ చూడలేదు.

*

శనివారం సంఘం రెండింటికి వచ్చింది. ముగ్గురు. అధ్యక్షురాలు కల్పవల్లిగారు జీపు దిగుతూనే భోజనం వద్దన్నారు, తర్వాత కొద్దిగా అన్నారు, తర్వాత చేపల పులుసు రెండోసారి వేయించుకున్నారు. గోడ గడియారంలో ముల్లు మూడు వైపు జరుగుతుంటే వంటింటి గుమ్మంలో అప్ప ఉతికిన చీర కట్టుకుని, చిన్న మూటతో కూర్చుని ఉంది. మ్యా ఆమె పక్కన నిలబడి గడియారం చూసి చెబుతోంది. ఆ పిల్లకు గంటలు చూడటం కూడా ఏస్తేరే నేర్పింది. అనుమతి అడగలేదు.

ఆఫీసు గదిలో నరహరిరావుగారు ఫైలు చదివారు. కల్పవల్లిగారు సావధానంగా విన్నారు.

"నూరు శాతం వ్యత్యాసం. చాలా తీవ్రమైన విషయం" అన్నారు. "తాత్కాలిక పట్టిక ఆధారంగా నిర్ణయం తీసుకోలేం. మూల పత్రం తెరవండి."

లక్క సీలు పగలగొట్టాలంటే సాక్షి ఉండాలట. సాక్షిని నేను. చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళాను. మండలాఫీసు తరపున లింగరాజు కూడా వచ్చి మూల నిలబడి ఉన్నాడు. బీరువా తెరుస్తుంటే అతను గోడకు ఇంకాస్త ఆనుకున్నాడు.

"పదిహేడవ వరుస. సాన్ అను స్త్రీ" అన్నారు నరహరిరావుగారు, రిజిస్టరు తిప్పుతూ.

"ఆగండి" అన్నారు కల్పవల్లిగారు. "సీలు విప్పిన పత్రాన్ని సాక్షి మొదటి నుంచి ధ్రువీకరించాలి. ఈమెకు చదువు వచ్చా?"

"వచ్చు" అన్నాను. ఆ మాట ఒక ఆఫీసులో అనడం అదే మొదటిసారి.

నా ముందు పెట్టారు. వేలు పెట్టి మొదలెట్టాను. గోడ మీద గడియారం చప్పుడు వినిపిస్తోంది గానీ నాకు వచ్చిన వేగం అంతే.

"ఒకటి. మి-న్. మగ. వయసు ఇరవై రెండు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. పళ్ళు ముప్ఫై రెండు. సూపు బాగున్నది. దగ్గు లేదు. మీసం ఉన్నది."

"సరి. రెండు?"

"రెండు. తా-న్." వేలు పక్క గడిలోకి జరిపాను. అక్కడ అక్షరం లేదు. చిన్నవి, నిలువుగా, రెండు గీతలున్నాయి. తర్వాతి గడిలోనూ అంతే. "మేడంగారూ, ఈ రెండు గీతలేటి? మా నర్సమ్మ ఈ అచ్చరం నాకు సెప్పనేదు."

సంఘం మూల నిలబడ్డవాడి వైపు చూసింది. నేనూ అటే తిరిగాను.

"లింగరాజూ, ఇదేటి బాబూ?"

లింగరాజు గొంతు సవరించుకున్నాడు. "అది... పైన ఉన్నదే అని అర్తం పిన్నీ."

"పైనేటున్నాది?"

"మిన్‌ది."

అప్పుడర్థమైంది నాకు, గంజి వార్చేలోపల అంత పని ఎలా అయిందో. వేలు కిందికి జరిపాను. మూడు, రెండు గీతలు. నాలుగు, రెండు గీతలు. పేర్లు మాత్రం నలభై మూడూ వేరు వేరుగా, ముత్యాల్లా ఉన్నాయి. పేర్ల పక్కన గీతలు పైనుంచి కిందిదాకా వానలా పడుతున్నాయి. పదిహేడు దగ్గర ఆగాను.

"పదిహేడు. సా-న్. రెండు గీతలు. అంటే మగ. రెండు గీతలు. వయసు ఇరవై రెండు. రెండు గీతలు..."

"చూపు?" అన్నారు కల్పవల్లిగారు.

"రెండు గీతలు మేడంగారూ. సూపు బాగున్నది."

నరహరిరావుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. గీతలు అక్కడే ఉన్నాయి.

కల్పవల్లిగారు నా వైపు తిరిగారు. "ఇది నీ ఎదుట రాసినదేనా?"

"నా ఎదరే రాసారు."

"వేలిముద్ర నీదేనా?"

"నాదే. గంజి మరక కూడా ఉన్నాది సూడండి."

"అయితే ఆ రోజు ఈమెకు చూపు ఉన్నదా?"

ఆ రోజు అప్ప పడవలోంచి ఎలా దిగిందో నాకు బాగా గుర్తుంది. పాదంతో ఇసుకను వెతుక్కుంటూ దిగింది. తలుపు సందులోంచి ఇప్పుడూ ఆ పాదాలే కనిపిస్తున్నాయి. పక్కన మ్యా కాళ్ళు.

"మేడంగారూ, ఆ రోజు నాకు ఒక్క అచ్చరం రాదు. యెయ్యమన్న కాడ ఏలేసినాను. ఇప్పుడు అచ్చరాలొచ్చినాయి. సదివితే పుస్తకంలో బాగున్నదనే ఉన్నాది. పుస్తకం తప్పంటారో ఒప్పంటారో మీరే సెప్పండి. ఏదైనా నాను ఏలుముద్దర యేత్తాను."

సంఘంలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుస్తకం తప్పయితే రెండేళ్ళ కొలతలూ, రోజుకు మూడు గంటలూ, తాన్ తాత దగ్గూ, మిన్ ప్రదక్షిణాలూ, ఈ సంఘమూ అన్నీ గాలిలో నిలబడి ఉన్నట్టే. నరహరిరావుగారు లేచి నిలబడ్డారు. నిజాయితీపరుడు.

"మూల పత్రము తప్పు కానేరదు మేడం."

"అదే నేనూ అనుకుంటున్నాను" అన్నారు కల్పవల్లిగారు. "అంటే ఈ సాన్ అనే వ్యక్తి మంచి చూపుతో వచ్చింది. మన పర్యవేక్షణలో ఉండగా..."

"చూపు పోగొట్టుకున్నది" అని పూర్తి చేశారాయన, పాలిపోయి. "అనుమతి లేని అస్వస్థత!"

"వచ్చిన నాటి స్థితికి తక్షణం పునరుద్ధరించాలి. ఈ కళ్ళు ఎక్కడ బాగు చేస్తారు?"

"కంటి బస్సులో మేడం!" ఏస్తేరు గుమ్మంలోంచే అరిచింది. "నాలుగింటికి పోతుంది. జంక్షను పదకొండు కిలోమీటర్లు."

గడియారంలో మూడూ ఇరవై ఐదు అయింది. అప్పుడు ఆ ఆఫీసు పరిగెత్తింది. నేను అక్కడ పనిచేసిన రెండేళ్ళలో అది పరిగెత్తడం అదొక్కసారే చూశాను. లింగరాజు నిలబడే గేటు పాసు రాశాడు. నరహరిరావుగారు స్వయంగా అప్ప మూట పట్టుకున్నారు. సంఘం జీపులోనే ఎక్కించారు. గేటు దగ్గర కాపలా జవాను పాసు చదివాడు.

"సాన్. పురుషుడు. ఇరవై రెండు సంవత్సరాలు." జీపులో ఉన్న ముసలామెను చూశాడు. మళ్ళీ పాసు చూశాడు. కింద అధ్యక్షురాలి సంతకం ఉంది. సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

"ఏటే సెల్లీ, ఏటంటన్నాడు?" అంది అప్ప.

"నువ్వు కుర్రోడివంట అప్పా. బేగి ఎల్లు."

*

తర్వాత సంగతి రాయాలంటే నాకు ఇంకో పాతిక కాగితాలు కావాలి. మూల పత్రం ఒప్పు అని తేలిపోయింది కనక నలభై ముగ్గురూ ముప్ఫై రెండు పళ్ళతో, మంచి చూపుతో, దగ్గు లేకుండా ఉండి తీరాలని ఉత్తర్వయింది. మందుల అలమరలోంచి పట్టికలు తీసేసి మందులు పెట్టారు. పళ్ళ డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చాడు. తాన్ తాతకు కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. నవ్వడం మళ్ళీ నేర్చుకుంటున్నాడు. దగ్గకూడదని రాతపూర్వకంగా చెప్పినా గంట కొడితే మాత్రం లేచి దగ్గుతున్నాడు.

మ్యా ఐదడుగుల ఏడంగుళాలు ఉండాలి, ఇరవై అంగుళాల పైన లోటు ఉంది. అది త్వరగా పూడ్చాలని రోజూ గుడ్డు, పాలు, సాయంత్రం వేరుశనగ ఉండ మంజూరు చేశారు. పిల్లలందరికీ అంతే. మీసం ఉండవలసిన పంతొమ్మిది మంది ఆడవాళ్ళ విషయం మాత్రం ఇంకా రాజధానిలో పరిశీలనలో ఉంది.

ఈ గొడవలో నా సొంత పుస్తకం కూడా ఎవరో తెరిచారు. ఉద్యోగంలో చేరిన నాటి గడిలో "నిరక్షరాస్యురాలు" అని ఉందట. ఇప్పుడు సంతకం ఎందుకు పెడుతున్నావు, అనుమతి లేని అక్షరాస్యతకు సంజాయిషీ ఇమ్మన్నారు. ఆ సంజాయిషీ కోసం నరహరిరావుగారు ఇచ్చిన తెల్లకాగితాల మీదే ఇది రాస్తున్నాను. సంజాయిషీ ఇంకా మొదలుపెట్టలేదు.

అప్ప బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ముందు ఒక కన్నుకే చేశారు, రెండోదానికి ఆరు వారాలు ఆగాలట. పెద్ద నల్ల కళ్ళజోడు పెట్టారు. బస్సు దిగి, ఎవరి భుజమూ పట్టుకోకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చింది. మ్యా ఎందుకో సిగ్గుపడి గుండిగ వెనక దాక్కుంది.

"రాయే" అంది అప్ప.

పిల్ల వచ్చి నిలబడింది. అప్ప వంగి చాలాసేపు చూసింది. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేచింది గానీ తాకలేదు, మధ్యలోనే ఆగిపోయింది. చెయ్యి అడ్డం వస్తే చూడటం కుదరదని కాబోలు. "సేతులు అబద్దం సెప్పనేదు" అంది చివరికి. పిల్ల నవ్వింది. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది. ఆ వ్యత్యాసం గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అప్ప నేల మీద కూర్చుని, గోడ పక్కనున్న నా కాగితాలు తీసి చూసింది. ఆమెకు చదువు రాదు. "ఇయ్యేటే, కోడి కెలికినట్టున్నాయి?" అంది.

"సంజాయిషీ అప్పా."

"సాలు గానీ, గవ్వలు తియ్యి."

తీశాను. గీసిన గళ్ళలో కాయలు పెట్టాం. పందెం మొదట నాదే అంది. నాలుగు గవ్వలూ గుప్పిట్లో కలిపి, కాస్త ఎక్కువసేపే కలిపి, వేశాను. అప్ప కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, గవ్వల మీదికి వంగింది. నేనే చెప్పాలని ఆగింది, ఎప్పటిలాగే.

"మూడప్పా" అన్నాను.

"రెండేళ్ళలో నీకు మూడు పడ్డం ఇదే మొదలు" అంది, కాయ జరుపుతూ.

ఇట్లు,
చోడిపల్లి కొర్లమ్మ, వయసు అరవై ఒకటి. ప్రస్తుతం ఉంటున్నది కొత్తరేవు తుఫాను షెల్టరులో, వంటింటి వెనక గదిలో. పై సంతకం నాదే, వేలిముద్ర కాదు.